ఇంటికొచ్చిన గండం

మా తెలుగు అయ్యవారు ఈ ఏడు పత్రిక కోసం "నా చేతులతో నేను చేసినది" అనే అంశం ఇచ్చారు. మా క్లాసులో కొందరు వంట గురించి, కొందరు ముగ్గుల గురించి, కొందరు బడి తోటలో నాటిన మొక్కల గురించి రాస్తామన్నారు. నేను మాత్రం ఒక బొమ్మ గురించి రాస్తున్నాను. పదో తరగతి చదివే పిల్ల బొమ్మ గురించి రాయడమేమిటని నవ్వకండి. దాని పేరు చెబితే ఇంకా నవ్వుతారు. దాని పేరు గండమ్.

ఆ పేరు వినగానే మా అవ్వ చేతిలోని చాట కింద పెట్టేసింది. "ఏమప్పా, పండగ ముందర ఎవరన్నా ఇంట్లోకి గండం తెస్తారా?" అని మా మామ మీద కోప్పడింది. మామ నవ్వాపుకోలేక "అత్తా, అది జపాన్ మాట. గండం కాదు, గండమ్. రోబో పేరు" అన్నాడు. అవ్వకు తేడా వినపడలేదు. నిజం చెప్పాలంటే నాకూ వినపడలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు గండమే.

మామ బెంగళూరులో ఒక మాల్‌లో సెక్యూరిటీ పని చేస్తాడు. డబ్బా మూల నలిగిందని అక్కడి అంగట్లో తగ్గించి అమ్ముతుంటే, లెక్కల్లో నాకు మంచి మార్కులు వచ్చాయని కొన్నాడు. తగ్గించినా ఎనిమిది వందల రూపాయలు. త్రైమాసిక పరీక్షలు అయిపోయి దసరా సెలవులు మొదలైన రోజు తెచ్చి ఇచ్చాడు.

ముందు ఈ గండమ్ అంటే ఏమిటో చెప్తాను. 1979లో జపాన్ టీవీలో "మొబైల్ సూట్ గండమ్" అనే కార్టూన్ సీరియల్ వచ్చింది. దాని దర్శకుడు యోషియుకి తొమినో. మనుషులు లోపల కూర్చుని నడిపే పెద్ద పెద్ద యంత్రాలు అందులో యుద్ధం చేస్తాయి. కథలో గండమ్ ఎత్తు 18 మీటర్లు, అంటే ఆరంతస్తుల మేడంత. మరుసటి ఏడు, 1980లో, దాని ప్లాస్టిక్ కిట్లు అమ్మకానికి వచ్చాయి. అవి 144వ వంతు కొలతలో చేసినవి. 18 మీటర్లను 144తో భాగిస్తే పన్నెండున్నర సెంటీమీటర్లు వస్తుంది. మన సరూప త్రిభుజాల పాఠంలో చెప్పినట్టు అన్ని కొలతలూ ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి.

నాకు వచ్చింది మాత్రం ఆ నిష్పత్తికి లొంగని రకం. దాన్ని ఎస్‌డీ అంటారు, అంటే సూపర్ డిఫార్మ్‌డ్. కావాలనే ఆకారం మార్చిన బొమ్మ. పెద్ద తల, పొట్టి చేతులు, బుడంకాయ లాంటి కాళ్లు. పెద్దవాళ్ల మనిషి ఎత్తు సుమారు ఏడున్నర తలలని డ్రాయింగ్ క్లాసులో చెప్పారు. నేను స్కేలు పెట్టి కొలిస్తే ఈ బొమ్మ మొత్తం ఎత్తు ఎనిమిది సెంటీమీటర్ల దగ్గర ఉంది, అందులో తలే మూడు సెంటీమీటర్ల పైన. అంటే మూడు తలల ఎత్తు కూడా లేదు. యుద్ధం చేసే యంత్రం కాస్తా అంగన్‌వాడీ పిల్లోడైపోయింది.

ఇక్కడ ఇంకొక సంగతి చెప్పాలి. జూన్‌లో బడి తెరిచినప్పుడు మాకు ఒక ఫారం ఇచ్చారు. అందులో "తండ్రి వృత్తి" అని ఒక గడి. నా పక్కనున్న పిల్ల "రోజా తోట రైతు" అని రాసింది. ముందు బెంచీ పిల్ల "బస్సు డ్రైవరు" అని రాసింది. నేను చాలాసేపు పెన్ను కొరుకుతూ కూర్చుని "ప్రైవేటు ఉద్యోగం" అని రాశాను. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. మా హోసూరులో చిన్నా పెద్దా ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. మా నాయన అట్లాంటి ఒక చిన్న ప్లాస్టిక్ యూనిట్‌లో మెషీన్ ముందర నిలబడి పని చేస్తాడు. మధ్యాహ్నం రెండుకు పోతే రాత్రి పది దాటాక వస్తాడు. ఆయన చొక్కాకు ఎప్పుడూ కాగిన ప్లాస్టిక్ వాసన ఉంటుంది. నాకు ఆ వాసన అంటే సిగ్గు. ఆయన ఏ మెషీన్ మీద ఏం చేస్తాడో నేను ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ రాత్రి డబ్బా చూసి నాయన అడిగిన మొదటి మాట ధర. మామ చెప్పాడు. నాయన డబ్బాను అరచేతిలో పెట్టుకుని తూకం చూసినట్టు చూసి, "లోపల మాల్ యాభై గ్రాములుంటుందేమో. పది రూపాయల ప్లాస్టిక్‌కు ఎనిమిది వందలా?" అని అన్నం తినడానికి పోయాడు. మామ మొహం చిన్నబోయింది. నాకు కోపం వచ్చింది. ఏది తెచ్చినా బరువూ ధరే చూస్తాడు అనుకున్నాను.

మరుసటి రోజు పొద్దున కిట్ విప్పాను. లోపల గమ్ లేదు, రంగు లేదు, స్క్రూ లేదు. కిటికీ చట్రాల లాంటి ప్లాస్టిక్ ఫ్రేములు, వాటికి సన్నని మెడలతో అతుక్కుని తెలుపు, నీలం, ఎరుపు, పసుపు రంగుల చిన్న చిన్న భాగాలు, ఒక స్టిక్కర్ల కాగితం, ఒక బొమ్మల పుస్తకం. ప్రతి భాగం పక్కన ఒక నంబరు. ఆ నంబరు చూసి కోసుకోవాలి, పుల్లను రంధ్రంలో పెట్టి నొక్కాలి. అంతే.

పుస్తకంలో మాటలన్నీ జపాన్ భాషలో ఉన్నాయి. నాకు నాలుగు లిపులు వచ్చు. బడి చదువు తెలుగు, తప్పనిసరి పాఠం తమిళం, ఇంకొకటి ఇంగ్లీషు, బస్సు బోర్డులు చూసి చూసి వచ్చింది కన్నడం. ఆ నాలుగూ అక్కరకు రాలేదు. అయినా బొమ్మలూ బాణం గుర్తులూ ఎంత తేటగా ఉన్నాయంటే, అక్షరం రాని మా తమ్ముడు కూడా "అక్కా, ఇది ఇక్కడ" అని వేలు పెట్టి చూపించాడు.

తప్పులన్నీ నావే. చిన్న కట్టరుతో కోయాలని పుస్తకంలో బొమ్మ ఉంది. మా ఇంట్లో అది లేదని మొదటి భాగాన్ని చేత్తో మెలిపెట్టి పీకాను. ఎడమ కాలి మీద చిన్న ముక్క ఊడి గుంట పడింది. నీలం భాగం వంగినచోట తెల్లగా పాలిపోయింది. తర్వాత గోళ్ల కత్తెర తెచ్చుకున్నాను. అది వంపుగా ఉంటుంది కాబట్టి ప్రతిచోటా ఒక మొటిమ మిగిలింది. దాన్ని ఉప్పు కాగితంతో రుద్దితే మెరుపు పోయి గీతలు పడ్డాయి. అన్నిటికన్నా పెద్ద తప్పు కుడి భుజం దగ్గర చేశాను. భాగాన్ని తిరగేసి పెట్టి గట్టిగా నొక్కేశాను. తప్పు తెలిసి పీకబోతే టక్కుమని పుల్ల విరిగి సగం రంధ్రంలోనే ఉండిపోయింది. ఒంటి చేతి గండమ్‌ను చూసి తమ్ముడు నవ్వాడు. నేను ఏడ్చి, అన్నీ డబ్బాలో పోసి మూత పెట్టేశాను. "నేను అప్పుడే చెప్తిని కదా, పేరు మంచిది కాదని" అంది అవ్వ.

ఆ రాత్రి పదిన్నరకు నాయన వచ్చాడు. అన్నం తింటూ పక్కనున్న డబ్బా మూత తీసి చూశాడు. నేను నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకున్నాను. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. కళ్లు తెరిచి చూస్తే ఆయన చెయ్యి కడుక్కుని, ఖాళీ ఫ్రేమును ట్యూబ్‌లైటు కింద ఏటవాలుగా పట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్నాడు. మా నాయన దేన్నయినా అంత మెల్లగా చూడడం నేను ఎప్పుడూ చూడలేదు.

"పాపా, లేసి రా" అన్నాడు. నేను నిద్రపోలేదని ఆయనకు తెలుసు.

"దీన్ని రన్నర్ అంటారు. ఈ సన్న మెడ ఉండాది చూడు, ఇది గేటు. కరిగిన మాల్ రన్నర్‌లో పారి గేటు దాటి లోపలికి పోతుంది. గేటు లావుగా పెడితే కోసినాక మచ్చ పెద్దదవుతుంది. మరీ సన్నం చేస్తే మాల్ కడదాకా పోకుండా గడ్డకట్టి, సగం భాగమే వస్తుంది. వీళ్లు ఎంత సన్నం పెట్టినారో చూడు. అయినా ప్రతి మూలా నిండుకోనుంది."

తర్వాత ఒక భాగాన్ని వెనక్కి తిప్పాడు. చిన్న చిన్న గుండ్రటి మచ్చలు కనిపించాయి. "డై తెరుచుకుంటానే పిన్నులు వచ్చి సరుకును బయటికి తోస్తాయి. ఇవి ఆ పిన్నుల గుర్తులు. అన్నీ లోపలి పక్కనే పెట్టినారు. ముందరికి ఒక్కటీ కనపడదు." అంచు మీద బొటనవేలు నడిపించాడు. "రెండు డైలూ సరిగ్గా మూసుకోకుంటే అంచున ఉల్లిపొర మాదిరి ప్లాస్టిక్ వస్తుంది. ఫ్లాష్ అంటాం. మా దగ్గర దాన్ని బ్లేడుతో గీకేదానికే ఇద్దరు ఆడోళ్లు ఉండారు. దీంట్లో చానా వెతికినా దొరకలేదు."

నేను తెలివి చూపించాలని ఒక తప్పు పట్టాను. "తుపాకీ లోపలంతా డొల్లగా ఉంది నాయనా. మోసం కదా?" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "మోసం కాదు. మందంగా పోస్తే పైన ముందు ఆరుతుంది, లోపల తర్వాత ఆరి ముడుచుకుంటుంది. అప్పుడు పైన గుంట పడుతుంది. అందుకే పలచగా, డొల్లగా చేస్తారు. చల్లారితే ప్లాస్టిక్ ఎంతో కొంత చిన్నదవుతుంది పాపా. ఇట్లాంటి ప్లాస్టిక్ అయితే వంద మిల్లీమీటర్లకు సుమారు అర మిల్లీమీటరు. డైని ఆ లెక్క చూసి పెద్దగా కోయాల. లేకుంటే నీ పుల్ల రంధ్రంలో పట్టదు, పట్టినా నిలబడదు. గమ్ లేకుండా ఇన్ని భాగాలు పట్టినాయంటే లెక్క ఎంత సరిగ్గా ఉండాల!"

మా మాటలకు అవ్వ నిద్ర లేచింది. ఆమె చిన్నప్పుడు ఇటుకల బట్టీలో పని చేసింది. "అచ్చు సంగతి నాకు చెప్తారా? మేము అచ్చులో ముందు ఇసుక చల్లుతాము. లేకుంటే మట్టి అచ్చును వదలదు. పచ్చి ఇటుక ఆరితే చిన్నదవుతుందని అచ్చు పెద్దగానే చేస్తారు" అంది. నాయన నవ్వి, "మేము ఇసుక బదులు స్ప్రే కొడతామమ్మా, అంతే తేడా" అన్నాడు. అర్ధరాత్రి ట్యూబ్‌లైటు కింద మా అవ్వా నాయనా అచ్చుల గురించి వాదించుకుంటుంటే నేను నోరు తెరుచుకుని విన్నాను. నేను నాలుగు లిపులు చదవగలను కానీ, ప్లాస్టిక్ మీద రాసిన దాన్ని చదవగలిగింది మా ఇంట్లో వాళ్లిద్దరే.

అప్పుడే ఎనిమిది వందల లెక్క కూడా తేలింది. ప్లాస్టిక్ పది రూపాయలదే. మిగతాది ఎక్కువగా అచ్చు కోసిన చేతులది, ఆలోచించిన బుర్రలది. నాయనే ఆ మాట అన్నాడు. "నిన్న నేను మాల్ తూకం వేస్తిని. డై తూకం వేయలేదు. మీ మామతో చెప్పు, మంచి సరుకే తెచ్చినాడని."

విరిగిన భుజాన్ని కూడా ఆయనే బాగు చేయించాడు. చేసిపెట్టలేదు, నాతో చేయించాడు. గుండుసూదిని పట్టకారుతో పట్టుకుని పొయ్యి మీద కాల్చాను. విరిగిన చోట రెండు పక్కలా మెల్లగా గుచ్చి రంధ్రం చేశాను. ఇంకొక గుండుసూదిని పొట్టిగా కోసి లోపల పెట్టి, చుక్క గమ్ వేసి అతికించాను. "ఎక్కువసేపు కాల్చొద్దు, చుట్టూ కరిగిపోతుంది. లెక్కపెట్టుకో, మూడుకు తీసెయ్" అన్నాడు. ఆయన లెక్కపెడుతుంటే చూశాను. మణికట్టు మీద చిన్న చిన్న కాలిన మచ్చలు చాలా ఉన్నాయి. అవి ఎప్పటి నుంచో ఉన్నాయి. నేనే చూడలేదు.

ఆయుధ పూజ రోజు నాయన నన్నూ తమ్ముణ్ణీ యూనిట్‌కు తీసుకుపోయాడు. ప్రతి ఏడూ పిలుస్తాడు, రెండేళ్లుగా నేను చదువుకోవాలని చెప్పి తప్పించుకుంటున్నాను. మెషీన్లన్నీ కడిగి విభూతి పట్టెలు, కుంకుమ బొట్లు పెట్టి, చామంతి దండలు వేశారు. బూడిద గుమ్మడికాయ కొట్టి, అందరికీ బొరుగులూ స్వీటూ పంచారు. పూజ అయ్యాక నాయన ఓనరును అడిగి తన మెషీన్ తలుపు జరిపి డైని చూపించాడు. ఉక్కు దిమ్మ. దాన్ని ఎత్తాలంటే చైన్ బ్లాక్ కావాలట. అద్దంలా మెరిసే దాని మొహం మీద నాలుగు గుంటలు, వాటి మధ్య చెట్టు కొమ్మల్లాగా రన్నర్ కాలువలు, ప్రతి కొమ్మ చివర ఒక గేటు. నా ఫ్రేమును బోర్లించి ఉక్కులో ఒత్తినట్టుంది. చూడగానే "ఇది గేటు, ఇవి పిన్నులు" అని నేనే చెప్పాను. పక్కనున్న అన్న "మీ పాపకు పని నేర్పినావే!" అన్నాడు. నాయన ఏమీ అనలేదు కానీ డై మీద లేని దుమ్మును గుడ్డతో తుడిచాడు.

అక్కడ బైకు అద్దాల వెనక పెట్టే నల్ల మూతలు చేస్తారు. నలభై సెకండ్లకు ఒకసారి తలుపు తెరవాలి, తీయాలి, చూడాలి, మూయాలి. ఒక షాట్‌కు నాలుగు మూతలు. నేను అక్కడే లెక్క వేశాను. ఎనిమిది గంటల్లో తిండికీ టీకీ అరగంట తీసేస్తే 27,000 సెకండ్లు. అంటే 675 సార్లు తలుపు తెరవాలి, 2,700 మూతలు చూడాలి. నేను ఒక బొమ్మకు రెండు రోజులు తీసుకుని ఒక చెయ్యి విరగ్గొట్టాను.

ఇప్పుడు పరీక్ష పేపరు దిద్దినట్టు గండమ్‌కు మార్కులు వేస్తాను. భాగాల కూర్పుకు 20కి 19. ఒక మార్కు ఎందుకు తగ్గించానో నాకే తెలియదు, అయ్యవార్లు కూడా అట్లే చేస్తారు. రంగులకు 20కి 15. ప్లాస్టిక్ రంగే చాలావరకు సరిపోయింది, కానీ కళ్లు స్టిక్కరు. స్టిక్కరు అతికించడానికి చేయి వణకకూడదు. నాది వణికింది, అందుకే మా గండమ్ నిద్ర మొహంతో ఉంటుంది. కదలికకు 20కి 10. తల తిరుగుతుంది, చేతులు లేస్తాయి, కానీ కాళ్లు మరీ పొట్టివి కాబట్టి మోకాళ్ల మీద కూర్చోబెట్టలేం. నిలకడకు 20కి 18. తల అంత పెద్దదైనా పడిపోదు, ఎందుకంటే పాదాలు వెడల్పు, గురుత్వ కేంద్రం నుంచి గీసిన నిలువు గీత పాదాల మధ్యనే పడుతుంది. ముద్దుకు 20కి 20. మొత్తం 82. కట్టిన నాకు 55 చాలు. అతికించిన భుజానికి మాత్రం విడిగా పది మార్కులు వేసుకున్నాను. అది కిట్‌లో లేని పని.

నాయనను అడిగితే బొమ్మకు మార్కులు వేయలేదు. "డైకి మాత్రం నూటికి తొంభై ఎనిమిది" అన్నాడు. ఖాళీ ఫ్రేములు చెత్తలో వేయబోతే ఆపి, ఒక దాన్ని కాగితంలో చుట్టి యూనిట్‌లో డై ఫిట్టరుకు చూపిస్తానని తీసుకుపోయాడు. అది ఇంకా తిరిగి రాలేదు. అక్కడ గోడకు తగిలించారట.

ఈ వ్యాసం రాసేటప్పుడు నాకు ఒక చిక్కు వచ్చింది. గేటు, రన్నర్, ఫ్లాష్, డై, వీటికి తెలుగు మాటలు ఏమి రాయాలి అని అయ్యవారిని అడిగాను. "మీ నాయన ఏ మాట అంటాడో అదే రాయమ్మా. మీ అవ్వ అచ్చు అంటే అచ్చు అని రాయి. ఇద్దరూ తెలుగువాళ్లే కదా" అన్నారు. అందుకే రెండూ రాశాను.

సెలవుల తర్వాత బడికి రాగానే ఆఫీసు గదికి పోయి నా ఫారంలో ఒక గడి దిద్దాలని అడిగాను. "నాలుగు నెలలయ్యాక ఇప్పుడేమి తప్పు కనిపించింది?" అన్నారు అక్కడి సార్.

"అచ్చు తప్పు సార్" అన్నాను.

"ప్రైవేటు ఉద్యోగం" కొట్టేసి, "ప్లాస్టిక్ మోల్డింగ్ మెషీన్ ఆపరేటరు" అని రాశాను. గడి చిన్నది, అక్షరాలు పక్క గడిలోకి పోయాయి.